పదమూడో కిలోమీటరు రాయి

బోస్కాల్తా, పో నది గట్టు కింద
సెప్టెంబరు 12

పరమ గౌరవనీయురాలు, గట్టు కింది వంటిళ్ళన్నిటికీ ఏకైక సామ్రాజ్ఞి డిర్చే అత్త సముఖానికి,

మేనల్లుడు నేవియో వంగి వంగి చెప్పుకునే క్షమాపణలు.

నీ తుంటి ఎముక విరిగినందుకు క్షమించు. మెట్టు మీద తడి ఉన్నందుకు, ఆ మెట్టుని తాత తాగి కట్టినందుకు క్షమించు. ఆపరేషన్ చేసిన డాక్టరు కోలుకోమని నిన్ను కొండమీదికి పంపినందుకు, దేవుడు ఆ కొండని అంత ఎత్తున పేర్చి మన నేలని మాత్రం ఇస్త్రీ చేసి వదిలేసినందుకు క్షమించు. పొగమంచుకి, దోమలకి, ఈ ఏడాది గుమ్మడికాయలు చిన్నవైనందుకు, హాలండు వాళ్ళు చెప్పుల్లో సాక్సులు వేసుకుంటున్నందుకు కూడా. వీటిలో ఏ ఒక్కదానితోనూ నాకు సంబంధం లేదు. అయినా కుటుంబం తరఫున ఎవడో ఒకడు చెప్పుకోవాలి కదా. సాహిత్యంలో పట్టా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ భారం నామీద పడింది.

ఫోనులో నీకు వినపడదు. వినపడినా నేను చెప్పింది నమ్మవు. రాసిందైతే రెండుసార్లు చదువుకుని అప్పుడు నమ్మకపోవచ్చు.

మాంతొవా నుంచి సముద్రం దాకా గట్టు మీద సైకిళ్ళ యాత్ర మళ్ళీ మొదలైంది. ముందు నేను, వెనక పదిమందో పన్నెండుమందో. ఎడమవైపు నది, కుడివైపు నదికంటే కిందున్న మన ఊళ్ళు. ఎంత దూరం తొక్కినా అదే గట్టు, అవే పోప్లార్ చెట్లు. ఇక్కడ చూడటానికి ఏముందని మనం అనుకుంటాం గానీ, ఏమీ లేకపోవడాన్నే చూడటానికి వచ్చామని వాళ్ళంటారు. ఏమీ లేనిచోట ఏదో ఒకటి పుట్టించడం నా ఉద్యోగం. నిన్న పాత పంపుల షెడ్డుని చూపించి, ఒక డ్యూకు తన ప్రియురాల్ని దాచిన కోట అది అని చెప్పాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

నీ భోజనశాల మూసి ఉండటంతో వీళ్ళని పక్క ఊరికి తీసుకుపోతున్నాను. అక్కడ పొద్దున వేయించిన మలుగు చేపని మధ్యాహ్నం వేడి చేసి పెడతారు. నిరుడు వచ్చినవాళ్ళు మాత్రం మన ఇంటిముందు ఆగి, నువ్వు పాత సైకిలు చక్రానికి తెల్లరంగు కొట్టి పేరు రాసి వేలాడదీసిన ఆ బోర్డుకి ఫొటోలు తీసుకుని నిట్టూరుస్తున్నారు.

ఇక ఎజిస్తో గారి సంగతి. (నీ ముందు ఆయన తాతయ్య, నీ వెనక మామయ్య. ఇప్పుడు నువ్వు దూరంగా ఉన్నావు కనుక ధైర్యంగా రాస్తున్నాను.) రోజూ పొద్దున రాడ్ బ్రేకుల నల్ల సైకిలు మీద గట్టు కాపలాకి వెళుతూ నీ కిటికీలు తెరిచానో లేదో చూసి పోతాడు. ఆదివారం చర్చిలో పూజ అవగానే నీ వంటింట్లో కూర్చుని ఇద్దరికీ పేకముక్కలు పంచుతాడు. నీ ముక్కలూ ఆయనే ఆడతాడు. మొన్న ఓడిపోయి లేస్తూ, "మీ అత్త ముక్కలు నేను ఆడినా ఆవిడే గెలుస్తోందిరా" అన్నాడు.

నీ విధేయుడు,
నేవియో

*

మోంతెసెల్వా, కొండమీద
సెప్టెంబరు 24

ఒరేయ్ నేవియో,

నీ క్షమాపణలు చేరాయి. ఆ పట్టా బదులు మీ నాన్న నీకు ఒక పడవ కొనిచ్చి ఉంటే బాగుండేది.

ఇక్కడ తిండికి లోటు లేదు, రుచికే లోటు. కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ గోడలా నిలబడి ఉంటుంది. చూపు పోయి ఎక్కడో ఆగాలి కదా, ఇక్కడ బయల్దేరగానే కొట్టుకుంటుంది. వీళ్ళేమో దాన్ని అందం అంటారు.

వ్యాయామం చేయించే పిల్ల ఒకతి ఉంది, చీపురుపుల్లలా ఉంటుంది, జాలి లేదు. రోజూ మెట్లెక్కిస్తుంది. తొమ్మిది ఎక్కాను. మన ఇంటికి పద్నాలుగు. పద్నాలుగు ఎక్కిన రోజున బండి మాట్లాడుకుని వచ్చేస్తానని ఆ పిల్లకి చెప్పేశాను. నాకు ఇంకేమీ అక్కర్లేదురా. నా వంటిల్లు, నా పొయ్యి, పిండి పిసుక్కునే నా బల్ల. ఆదివారం ఆ ముసలాడి మొహం. వీటికోసమే ఈ కాలుని ఈడుస్తున్నాను.

విదేశీయులకి నువ్వు చెప్పే అబద్ధాలు కాస్త తగ్గించు. నిరుడు ఒకామె నీ మాట విని, దెయ్యం ఉందేమోనని నా పిండిగదిలో టార్చి వేసుకుని వెతికింది. నవ్వించాలన్న యావలో నువ్వు ఎక్కడున్నావో మరిచిపోతావు.

ఎజిస్తోని కళ్ళ డాక్టరుకి చూపించుకోమను. ఈస్టరుకి కాఫీలో ఉప్పు వేసుకుని బాగుందన్నాడు. నా ముక్కలు ఆయన ఆడాల్సిన పని లేదని కూడా చెప్పు. వచ్చి నేనే ఆడతాను.

అత్త

*

బోస్కాల్తా
అక్టోబరు 21

అత్తా,

ఈసారి పొట్టి ఉత్తరం. సిరా అయిపోవస్తోంది.

వానలు పట్టాయి. ఈ ఏటి యాత్రలు ముగిశాయి. నది కొంచెం పెరిగింది, ప్రతి శరత్తులోనూ పెరుగుతుంది కదా. ఇల్లు ఉన్నచోటే ఉంది. ఎజిస్తో తాతయ్య ఈ ఆదివారం పేకాటకి రాలేదు, జలుబేమో.

ఎన్ని మెట్లయ్యాయి? తొందరేమీ లేదు. కొండగాలి ఎముకలకి మంచిదని చదివాను. క్రిస్మస్ దాకా ఉన్నా నష్టం లేదు.

నేవియో

*

మోంతెసెల్వా
అక్టోబరు 30

నేవియో,

పన్నెండు మెట్లెక్కాను. అది నీకు చెప్పాలనే కూర్చున్నాను.

ఇక్కడ రొమానో అని ఒకాయన ఉన్నాడు, సాయంత్రం పూట పాత పేపరు పరిచి చెస్ట్‌నట్ కాయలు ఒలుస్తాడు. తొక్కలు ఎత్తడానికి సాయం చేస్తూ పేపరు దులిపితే కింద ఒక ఫొటో కనిపించింది. అంతా నీళ్ళు. నీళ్ళలో పోప్లార్ చెట్ల తలలు. వాటి పక్కన సగం మునిగిన తెల్లటి చక్రం, దానిమీద నా పేరులో పై సగం.

ఇల్లు ఉన్నచోటే ఉందని రాశావు. ఉన్నచోటే ఉందిరా, నీళ్ళ అడుగున.

నువ్వు కొండగాలిని పొగిడినప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

ఎవరైనా పోయారా. గండి ఎక్కడ పడింది. నీళ్ళు ఎంతదాకా వచ్చాయి. ఆ వారం గట్టుమీద కాపలా ఎవరిది. ఈ నాలుగింటికీ నాలుగు జవాబులు రాయి. కథలు రాయకు.

అత్త

*

నవంబరు 6
పక్క ఊరి బడి, ఆటల హాలు

అత్తా,

ఎవరూ పోలేదు. ఇది మొదటి జవాబు, మంచి జవాబు ఇదొక్కటే.

పదిహేడో తారీకు తెల్లవారుతుండగా పదమూడో కిలోమీటరు రాయి దగ్గర గండి పడింది. నలభై మీటర్లు. సైరన్ మోగేసరికి నేను సైకిలు మీద ప్రధాన రోడ్డెక్కాను. వెనక్కి తిరిగి చూస్తే నీళ్ళు పరిగెత్తుకుంటూ రావడం లేదు, తీరిగ్గా వస్తున్నాయి, పొలం కొలుచుకునేవాడిలాగా.

వంటింట్లో దీపం దాకా వచ్చాయి. తొమ్మిది రోజులున్నాయి. పంపులు పెట్టి తోడాక లోపలికి వెళ్ళాను. పొయ్యి నిండా ఒండ్రు. నీ బల్ల నీళ్ళలో తేలి, తలుపు దగ్గర తలకిందులుగా ఇరుక్కుని ఉంది. ఇంజనీరు వచ్చి గోడల మీద చేతులేసి చూశాడు, వైద్యుడు నాడి చూసినట్టు. పునాది కదిలిందన్నాడు. ముందు తలుపు మీద ఎర్ర రంగుతో అడ్డగీత, నిలువుగీత గీసిపోయాడు. అలాంటి గీతలు మన వీధిలో తొమ్మిదిళ్ళకున్నాయి. కూల్చేస్తారు అత్తా. ఇది ముందు ఉత్తరంలోనే రాయాల్సింది. కలం పెట్టానుగానీ కదల్లేదు.

మేమంతా ఇప్పుడు బడిలో, బంతాట గీతల మీద పరుపులు వేసుకుని పడుకుంటున్నాం. నా పరుపు సరిగ్గా గోల్‌కీపరు నిలబడే చోట. అందరూ నన్ను దాటుకుంటూ బాత్రూముకి వెళుతున్నారు. ఈ జోకు చెప్పినా ఎవరూ నవ్వలేదు. నీకూ నవ్వు రాదని తెలుసు.

నాలుగో ప్రశ్న. పదకొండో రాయి నుంచి పద్నాలుగో రాయి దాకా ఎవరిదో నీకు తెలుసు. ముందురోజు పొద్దున ఎనిమిదింటికి ఎజిస్తో తాతయ్య అటు వెళ్ళాడు. కాపలా పుస్తకంలో 'ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు. అలాంటి గండి చెప్పకుండా పడదని, కనీసం ముందురోజే గట్టు పాదం దగ్గర ఊట కనిపించి ఉండాలని ఇంజనీర్లు అంటున్నారు. ఇక్కడ హాల్లో ఆయన పరుపు పక్కన ఎవరూ పరుపు వెయ్యడం లేదు. ఆయన ఎవరినీ ఏమీ అనడు. అడిగితే, నేను చూసుండను, అంటాడు.

ఆయన్నేమీ అనకు అత్తా. ఊట ఎన్నింటికి మొదలైందో ఎవరికి తెలుసు.

నేవియో

*

మోంతెసెల్వా
నవంబరు 19

నేవియో,

నిజం రాసినందుకు సంతోషం. ఆలస్యంగా రాసినందుకు నిన్ను తర్వాత తిడతాను.

ఎజిస్తోని ఏమీ అనకు అని రాశావు. నేను అనకపోతే ఎవరంటారు.

నది నిండినప్పుడు గట్టు పాదం దగ్గర ఊట తేటగా వస్తే అది నది ఊపిరి, దాని మానాన దాన్ని వదిలెయ్యొచ్చు. బురదగా వస్తే నీళ్ళు గట్టుని లోపల్నుంచి తింటున్నట్టు. అప్పుడు చూసినవాడు అక్కణ్ణించి కదలకూడదు. ఇంకొకణ్ణి సైకిలు మీద పంపి, బస్తాలు వచ్చి ఊట చుట్టూ పేర్చేదాకా అక్కడే నిలబడాలి. ఎందుకంటే ఒకసారి కదిలితే ఆ గడ్డిలో మళ్ళీ ఆ చోటు దొరకదు. ఇది మనవాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. నీకు ఆరేళ్ళప్పుడే నేను కర్రతో గీసి చూపించాను. ఆయనకి నలభై ఏళ్ళుగా అదే పని. నలభై ఏళ్ళు చూసినవాడు ఆ ఒక్క పూట ఏం చూశాడు. ఆకాశంలో కొంగల్ని చూసుంటాడు.

నా వంటింట్లో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. ఆ ఇంటికీ నదికీ మధ్య ఉన్న ముక్క గట్టుని చూడమంటే చూడలేకపోయాడు. ఈ మాటే రాసి పంపాను ఆయనకి. ఇక మొహం చూపించొద్దని కూడా రాశాను.

వ్యాయామం మానేశాను. ఆ చీపురుపుల్ల పిల్ల వచ్చి ఇంకో రెండు మెట్లే కదా అంటుంది. ఎక్కి ఎక్కడికి వెళ్ళాలో చెప్పమన్నాను. 

అత్త

*

ఫెర్రారా
జనవరి 9

అత్తా,

డిసెంబరు మూడోవారంలో ఇల్లు పడగొట్టారు. నేను వెళ్ళాను. అరగంట పట్టింది. నువ్వు అడగలేదు గానీ, అడిగితే చెప్పడానికి ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా అని నిలబడ్డాను.

సైకిళ్ళ యాత్రల ఉద్యోగం వదిలేశాను. ఇక్కడ బేరిపళ్ళ గోదాములో పెట్టెలు మోస్తున్నాను. గోదాము లోపల చల్లగా ఉంటుంది, పళ్ళకి కథలు చెప్పనక్కర్లేదు.

ఎజిస్తో తాతయ్య గురించి రాయడానికే కూర్చున్నాను. నీ ఉత్తరం ఆయనకి చేరింది. నా ఎదుటే విప్పాడు. అద్దాలు పెట్టుకుని చదివి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మీ అత్త దస్తూరి బాగుంటుంది, అన్నాడు. అంతే.

మునిసిపాలిటీలో విచారణ జరిగింది. వాళ్ళు ఆయన్ని కాపాడాలనే చూశారు. పొద్దున ఎనిమిదికి ఊట లేకపోవచ్చు కదా, తర్వాత పుట్టి ఉండొచ్చు కదా అని అధికారి తానే దారి చూపించాడు. ఈయన ఒప్పుకోలేదు. నా కళ్ళు బాగా లేవని అందరికీ తెలుసు, ఒకామె చూపించుకోమని కూడా చెప్పింది, నేనే వినలేదు, అని కాగితం మీద సంతకం పెట్టాడు. నారింజరంగు కాపలా కోటు మడతపెట్టి బల్లమీద ఉంచి వచ్చేశాడు.

ఇప్పుడు సైకిలు ఎక్కడు. రోజూ పొద్దున దాన్ని నడిపించుకుంటూ పదమూడో రాయి దాకా వెళ్ళి, కొత్తగా వేసిన గట్టు కింద మధ్యాహ్నం దాకా నిలబడతాడు. వానొచ్చినా అంతే. ఎందుకు తాతయ్యా అంటే, నిలబడాల్సిన రోజు నిలబడలేదు కదా, అంటాడు.

ఒక్క ముక్క రాయి అత్తా. క్షమించానని కూడా అక్కర్లేదు. వాతావరణం గురించి రాసినా చాలు.

నేవియో

*

మోంతెసెల్వా
జనవరి 20

నేవియో,

రాయను.

ఆయన తరఫున నువ్వు ఇంతగా ఎందుకు బతిమాలుతున్నావో నాకు అర్థం కావడం లేదు. ఇల్లు పోయింది నీకు కూడా.

ఇక్కడ నాకు శాశ్వతంగా గది ఇస్తామన్నారు. సంతకం పెట్టాను. కొండవైపు గది.

అత్త

*

ఫెర్రారా
మార్చి 5

అత్తా,

ఫిబ్రవరి పద్దెనిమిదిన ఎజిస్తో తాతయ్య ఆ రాయి దగ్గరే పడిపోయాడు. ట్రాక్టరు మీద వెళుతున్న ఒకాయన చూసి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కుడివైపు కాలూ చెయ్యీ పనిచెయ్యవు. మాట కొద్దిగా ఉంది. మనుషుల్ని గుర్తుపట్టడు. ఆయన కూతురు బ్రెషా నుంచి వచ్చింది. ఆయన బట్టలు సర్దుతూ కోటు జేబులోంచి నీ ఉత్తరం తీసి, ఇదెవరిదని నన్నడిగింది. తెలియదన్నాను.

నిన్న కూతురు బయటికి వెళ్ళినప్పుడు ఆయన మంచం పక్కన కూర్చుని ఒక విషయం చెప్పాను. జనవరిలో నీకు రాయాలని కూర్చుని రాయకుండా వదిలేసిన విషయం. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నాడు, లేక వినలేదు. నేను ఆపాక ఇటు తిరిగాడు.

"తేటా, బురదా?" అన్నాడు.

గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళనీ అదే అడుగుతున్నాడని నర్సు తర్వాత చెప్పింది. అప్పటికి నాకు తెలియదు.

"బురద" అన్నాను.

"అయితే నువ్విక్కడే నిలబడు. నేను పోయి చెప్పొస్తాను."

అని దుప్పటి తీసి, లేవని కాలుని లేపబోయాడు. నేనూ నర్సూ కలిసి పడుకోబెట్టాం.

కనుక ఆయనకి చెప్పినా చెప్పినట్టు కాదు. నీకు చెప్పడం వల్ల ఇల్లు రాదు, ఆయన కాలు రాదు, నువ్వు రాసిన ఉత్తరం వెనక్కి రాదు. చెప్పకుండా ఉండటం మాత్రం ఇక నావల్ల కావడం లేదు.

అక్టోబరు పదహారు. ఆ ఏటికి ఆఖరి యాత్ర, ఆఖరి రోజు. పదకొండు మంది. నది ప్రమాదమట్టం మొదటి గుర్తు దాటింది కానీ గట్టుమీద దారి ఇంకా మూయలేదు. పదకొండున్నరకి, పదమూడో రాయి దాటగానే ఒకామె సైకిలు పంచరైంది. ట్యూబు ఊడదీశాను. కన్నం ఎక్కడో దొరకలేదు. ముంచి చూద్దామంటే సీసాలో నీళ్ళు చాలవు. గట్టు దిగితే కింద గడ్డిలో పళ్ళెమంత మడుగు కనిపించింది. ట్యూబుకి గాలి కొట్టి పట్టుకెళ్ళాను.

ముంచకముందే అందులో బుడగలు వస్తున్నాయి.

నీళ్ళు పాలు పోసిన కాఫీ రంగులో ఉన్నాయి. ఉబికే చోట చుట్టూ మెత్తటి ఇసుక గుండ్రంగా పేరుకుంటోంది. అదేమిటో నాకు తెలుసు అత్తా. చూడగానే తెలిసింది. ఫోను జేబులోనే ఉంది. కానీ చెబితే వాళ్ళొచ్చేదాకా నేనక్కడే నిలబడాలి. గట్టు మూసేస్తారు, యాత్ర అక్కడితో ఆగిపోతుంది, ఒంటిగంటకి భోజనాలు. ఆ పదకొండు మందీ గట్టుమీంచి నన్నే చూస్తున్నారు. అదేమిటని ఒకామె అడిగింది. ఒక సాధువు కర్రతో పొడిస్తే పుట్టిన ఊట, ఈ బురద రాసుకుంటే ముడతలు పోతాయి, మా ఊళ్ళో ఆడవాళ్ళ అందానికి ఇదే కారణం అని చెప్పాను. ముగ్గురు దిగొచ్చి మొహాలకి రాసుకున్నారు. అందరూ పడీపడీ నవ్వారు. అంతగా ఎప్పుడూ ఎవరినీ నవ్వించలేదు నేను.

సాయంత్రం ఎజిస్తో తాతయ్య ఎలాగూ ఇటు వస్తాడులే అనుకున్నాను. ఆ మట్టానికి కాపలా రోజుకి ఒక్కసారేనని, ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాడని నాకు తెలుసు. భోజనాలయ్యాక ఫోను చేద్దామనుకున్నాను. భోజనాల దగ్గర ఆఖరి రోజని వైన్ పోశారు. మర్చిపోయానని రాద్దామనుకున్నాను ఇక్కడ. మర్చిపోలేదు. రేపు చేద్దామనుకున్నాను.

ఆ ఊట చూసింది నేను. బురదని చూసి, వాళ్ళని నవ్వించి, ఇంకో ట్యూబు వేసి, సైకిలెక్కి భోజనానికి వెళ్ళిపోయాను.

నేవియో